డెబ్భై టన్నుల తలలు

ఆ కాగితం ముక్క అప్పటికి ముగ్గురి చేతులు మారింది. ముగ్గురూ దాన్ని మూడు రకాలుగా చదివారు.

కాగితం మీద ఉన్నవి రెండే అంకెలు. పైన 1.62, కింద 0.21. కింది అంకె చుట్టూ ఎర్ర సిరాతో రెండుసార్లు గీత చుట్టి ఉంది. చనిపోయిన ఎలీషా బైబిల్లో దొరికింది గనక అది అధ్యాయమూ వచనమూ అయి ఉంటుందని అతని భార్య రత్నకుమారి రెండు రోజులు వెతికింది. సున్నా అధ్యాయం ఏ పుస్తకంలోనూ లేదు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కాంతారావు ఒక్క చూపు చూసి మట్కా నంబర్లని తేల్చేశాడు. మూడో మనిషి రత్నకుమారి పిలిపించిన డిటెక్టివ్ సువర్ణ. ఆవిడ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివింది.

"ఈయన్ని ఎందుకు చంపారో ఇందులో ఉందండీ," అంది.

కాంతారావు టీ గ్లాసు బల్లమీద పెట్టి పగలబడి నవ్వాడు. 1998 మార్చి 30, సోమవారం. స్టేషన్ గోడ గడియారం పొద్దున్న తొమ్మిదీ నలభై చూపిస్తోంది.

"చంపారా? మేడమ్, మీ గుడివాడలో మీరు డిటెక్టివ్ కావచ్చు. ఇది బందరు. గిలకలదిండిలో సాగరప్రియ సీ ఫుడ్స్ అనే రొయ్యల కంపెనీ. అందులో పదకొండేళ్ళుగా ఎలీషా అకౌంటెంటు. పదకొండు లక్షలు తేడా వచ్చింది. బుధవారం సాయంత్రం ఆరింటికి ఆఫీసు నుంచి బయల్దేరాడు, ఎండీ చలపతిరావు గారే కళ్ళారా చూశారు. గురువారం పొద్దున్న కాలవ సముద్రంలో కలిసే మొగలో శవం తేలింది. దూకి చచ్చిపోయాడు. ఇంక చంపేదెవరండీ?"

"పోస్ట్‌మార్టమ్‌లో గొంతు లోపల వాచిపోయి ఉందని రాశారు. ఊపిరితిత్తుల్లో నీళ్ళు మాత్రం అంతంతమాత్రమే అన్నారు."

"ఉప్పునీళ్ళండీ. గొంతు వాచదా?"

"నీళ్ళు లోపలికే వెళ్ళకపోతే వాచేది దేనికండీ?"

కాంతారావుకు నవ్వు తగ్గింది. అతను చెడ్డవాడు కాదు, లంచగొండీ కాదు. తన నోట్లోంచి ఒకసారి వచ్చిన మాటను వెనక్కి తీసుకోవడం చేతగాని మనిషి, అంతే. అలాంటివాళ్ళతోనే పని ఎక్కువ.

సువర్ణకు నలభై మూడేళ్ళు. పద్నాలుగేళ్ళు ఒక బ్యాంకులో చేసింది, అందులో ఆరేళ్ళు ఇన్‌స్పెక్షన్. ఒకసారి ఒక రైసుమిల్లు గోడౌన్లో ముందు వరస బస్తాలు చూసి, వెనక ఏముందో చూడకుండా స్టాకు కాగితం మీద సంతకం పెట్టింది. వెనక ఉన్నది ఊక. ఆ మిల్లు మునిగినప్పుడు దాన్ని నమ్ముకుని ధాన్యం పోసిన రైతు ఒకాయన పురుగుమందు తాగాడు. ఆ ఏడాదే ఉద్యోగం మానేసి గుడివాడలో జిరాక్స్ షాపు పైన గది తీసుకుని ఏజెన్సీ పెట్టింది. అప్పట్నుంచి ఆవిడకి ముందు వరసల మీద నమ్మకం లేదు.

"ఇది కంపెనీ ఆరోగ్యం చూసే లెక్కండీ," అంది సువర్ణ, కాగితం అతని ముందుకు జరిపి. "ఏడాది లోపల తీర్చాల్సిన అప్పులు రూపాయి అనుకోండి. దానికి ఎదురుగా ఏడాది లోపల డబ్బయ్యే ఆస్తులన్నీ కలిపితే రూపాయి అరవై రెండు పైసలు. ఇది పై అంకె, కరెంట్ రేషియో. చూసినవాడికి భలే ఉంది అనిపిస్తుంది. ఇప్పుడు అందులోంచి సరుకు నిల్వ తీసెయ్యండి. సరుకు అమ్ముడు పోవాలి, కొనేవాడు రావాలి, కుళ్ళకుండా ఉండాలి, అసలు ఉండాలి. అది తీసేసి, చేతిలో డబ్బూ రావాల్సిన బాకీలూ మాత్రం చూస్తే ఇరవై ఒక్క పైసలు. దీన్ని క్విక్ రేషియో అంటారు. రూపాయి అప్పుకి ఇరవై ఒక్క పైసలు. రేపు మార్చి ముప్పై ఒకటి. ఈ కంపెనీకి ఊపిరాడట్లేదండీ."

"అయితే? అప్పులున్న కంపెనీలన్నీ అకౌంటెంట్లని చంపుతాయా?"

"సరుకు ఉంటే చంపవు."

"మేడమ్, బ్యాలెన్స్ షీటు చూపించి జడ్జిని ఒప్పించలేం. సాయంత్రం ఐదింటికి ఫైలు మూసేస్తున్నాను. చచ్చిపోయిన దొంగ కోసం నా టైము పాడుచెయ్యకండి."

బయట బెంచీ మీద రత్నకుమారి ఆ మాట విన్నది. విన్నట్టు కనపడకుండా కొంగు సర్దుకుంది. మొగుడు పోయిన దుఃఖం ఒకెత్తు, దొంగ అన్న మాట ఒకెత్తు. రెండోదే ఆవిణ్ని లోపల్నుంచి తినేస్తోంది.

"మా పిల్లలకి ఆ పేరు వద్దండీ. నాకింకేం అక్కర్లేదు," అంది సువర్ణతో. "మేడమ్, ఇంకోటి. ఎండీ గారు పొద్దున్నే కబురు పెట్టారు. ఎలీషా సంగతి ఎలా ఉన్నా నీకు అన్యాయం చెయ్యనమ్మా, రొయ్యల షెడ్డులో సూపర్‌వైజర్ పనిస్తాను, ఇవాళ్టి నుంచే రా అన్నారు. రెండింటికి రమ్మన్నారు. వెళ్ళనా?"

సువర్ణ ఒక్క క్షణం ఆలోచించింది. లోపల మనిషి ఉంటే మంచిదే అనుకుంది. ఆ తర్వాత జీవితమంతా ఆ ఒక్క క్షణాన్ని తిట్టుకుంది.

"వెళ్ళండి. కళ్ళు తెరుచుకుని ఉండండి. ఎలీషా గారి వస్తువులేమైనా కంపెనీ వాళ్ళు ఇచ్చారా?"

"శుక్రవారం ఆఫీసు నుంచి క్యారేజీ సంచి పంపారండీ. అన్నం ముట్టలేదు. పై గిన్నె మూత తీసేసరికి కళ్ళు మండిపోయి నీళ్ళు కారాయి. పెరుగన్నం మురిగిపోయిందేమో అనుకున్నా. చిలకలపూడిలో మా ఇంటి పెరట్లోనే పెట్టా, కడగబుద్ధి కాలేదు."

"కడక్కండి. మూత గట్టిగా బిగించండి, సాయంత్రం వచ్చి చూస్తాను. ఆయన ఎన్నింటికి తింటారు?"

"ఒంటిగంటా పావు. గడియారం చూసుకునే తింటారు."

సువర్ణ తన చిన్న పుస్తకంలో రాసుకుంది. ఆరింటికి బయల్దేరిన మనిషి, ఒంటిగంటా పావుకి తినలేదు.

* * *

పదకొండూ ఐదుకి సువర్ణ మోపెడ్ సాగరప్రియ గేటు ముందు ఆగింది. చలపతిరావు ఎదురొచ్చి మరీ లోపలికి తీసుకెళ్ళాడు. తెల్ల చొక్కా, వేళ్ళకి నాలుగు ఉంగరాలు, మాటకి ముందు చిరునవ్వు.

"ఎలీషా పోవడం మాకూ బాధే మేడమ్. అయినా పదకొండు లక్షలండీ!"

"అది తర్వాత మాట్లాడదాం. రేపు బ్యాంకుకి ఎంత కట్టాలి?"

చిరునవ్వు చెదరలేదు గానీ, పేపర్ వెయిట్ తిప్పుతున్న వేలు ఆగింది.

"మూడు కోట్లు. ఎగుమతి అప్పు. ఈ లైన్లో అందరికీ ఉండేదే."

"చెరువుల రైతులకి?"

"కోటీ ఇరవై."

"చేతిలో డబ్బు, వసూలు కావాల్సిన బాకీలు కలిపి?"

"ఎనభై ఎనిమిది లక్షలు. మీరు అచ్చం బ్యాంకు వాళ్ళలా అడుగుతున్నారే!"

"పాత అలవాటు పోలేదండీ."

నాలుగు కోట్ల ఇరవై లక్షలకి ఎనభై ఎనిమిది లక్షలు. సువర్ణ మనసులో భాగించింది. సున్నా పాయింట్ ఇరవై ఒకటి. ఎలీషా లెక్క పైసా తప్పలేదు.

"స్టాకు మర్చిపోయారు మేడమ్," అన్నాడు చలపతిరావు, కుర్చీలో వెనక్కి వాలి. "నూట నలభై ఎనిమిది టన్నులు. టైగర్ రొయ్య, తల తీసి గడ్డకట్టించింది. కేజీ నాలుగొందలు వేసుకున్నా ఐదు కోట్ల తొంభై రెండు లక్షలు."

"ఎప్పుడు కొన్నారు?"

"జనవరి పన్నెండు తర్వాత కొన్నదే అంతా. పాతదంతా అప్పుడే ఓడెక్కించేశాం."

"చెరువులకి తెల్లమచ్చ తెగులొచ్చి రైతులు తలలు పట్టుకుంటుంటే అంత రొయ్య దొరికిందా?"

"దొరికింది. బిల్లులున్నాయి. కావాలంటే చూసుకోండి."

సువర్ణ నిజంగానే చూసింది. పది నిమిషాలు బిల్లులు తిరగేసింది. అన్నీ చెరువుగట్టు మీద తలకాయతో సహా కొన్న రొయ్యకి రాసినవే. ఎవరో కూర్చుని ఓపిగ్గా రాసినట్టున్నాయి. ఇంకు కూడా ఒకటే.

"మరి అమ్మి బాకీ తీర్చెయ్యచ్చుగా?"

"రేటు పడిపోయింది. ఆగాను. ఆగితే నాకేం భయం? ఆరు కోట్లకి ఇన్సూరెన్స్ ఉంది. మంటలొచ్చినా, కరెంటు పోయినా, గ్యాస్ లీకై సరుకు పాడైనా సరే. ఈ నెల రెండునే పాలసీ మార్పించా. క్లెయిము పెడితే బ్యాంకోళ్ళు కూడా నోరు మూసుకుని ఆగుతారు."

"బుధవారం ఎలీషాని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"ఆరింటికి. నా కళ్ళ ముందే క్యారేజీ సంచి సైకిలు హ్యాండిల్‌కి తగిలించుకుని వెళ్ళిపోయాడు."

"మరి శుక్రవారం అదే సంచి మీ ఆఫీసు నుంచి వాళ్ళింటికి ఎలా వచ్చిందండీ?"

చలపతిరావు చిరునవ్వు ఇప్పుడు ముఖం మీద అతికించినట్టు ఉంది.

"అయితే సంచి మర్చిపోయి ఉంటాడు. నేనే పొరపడ్డానేమో," అన్నాడు. బెల్లు కొట్టి, "శీనూ, మేడమ్‌కి కోల్డ్ స్టోరేజీ చూపించు," అన్నాడు.

* * *

శీను అంటే దుర్గాశ్రీనివాస్. చలపతిరావు బావమరిది, గ్యాస్ యంత్రాల ఆపరేటర్. ముప్పై ఏళ్ళుంటాయి, మనిషి నిలకడగా ఒకచోట నిలబడడు. వాచీ చూసుకుంటూనే ఉన్నాడు.

కోల్డ్ స్టోరేజీ తలుపు తీసేసరికి పొగలా చలి తోసుకొచ్చింది. అట్టపెట్టెలు నేల నుంచి కప్పు దాకా పేర్చి ఉన్నాయి. శీను ముందు వరసలోంచి ఒక పెట్టె తీసి విప్పాడు. మంచుగడ్డ లోపల బారులు తీరిన రొయ్యలు. నిజమైనవే.

"వెనక వరసలోంచి ఒకటి తియ్యండి."

"వరసలు కదిపితే చల్లదనం పోద్దండీ. ఎండీ గారి ఆర్డర్ కావాలి."

"ఆర్డర్ అడిగి రండి."

"ఆయన భోజనానికి వెళ్ళిపోయారండీ."

టైము పదకొండూ యాభై. పన్నెండు కాకుండానే ఎండీకి ఆకలేసిందన్నమాట. సువర్ణ వాదించలేదు. ఊక బస్తాలు గుర్తొచ్చాయి.

పక్కనే రొయ్యల తలలు తీసే షెడ్డు. పొడవాటి రేకుల షెడ్డు, నడుమ స్టీలు బల్లలు, కిటికీలకి ఇనప జాలీ. వెనక తలుపుకి అడ్డంగా ఇనప పట్టీ వేసి బిగించేశారు. ముందు తలుపుకి బయట నుంచి కొత్త తాళం వేలాడుతోంది, దానికి అంటించిన ధర కాగితం కూడా ఊడలేదు.

"సరుకు లేని షెడ్డులో దొంగలెత్తుకుపోయేది ఏముంది?"

"ముందుజాగ్రత్తండీ."

గోడ వెంట యంత్రాల గదిలోంచి ఒక లావు గొట్టం వచ్చి షెడ్డు మధ్యలో ఒక వాల్వు దగ్గర ఆగింది.

"ఇదేంటి?"

"పాత చల్లగది లైనండీ. రెండేళ్ళుగా వాడట్లేదు."

సువర్ణ గొట్టం మీద చెయ్యి పెట్టి తీసింది. అరచేతికి చల్లటి తడి అంటుకుంది. వాడని గొట్టానికి చెమట పట్టింది. ఆవిడ అది కూడా రాసుకుంది, ఎందుకో అప్పటికి తెలియకపోయినా.

షెడ్డులో అప్పటికే ముగ్గురు ఆడవాళ్ళు నేల ఊడుస్తున్నారు. పెద్దామె పేరు పెద్దింట్లమ్మ. యాభై ఐదేళ్ళు, షెడ్డు ఆడవాళ్ళందరికీ మేస్త్రీ. ఒకప్పుడు రేవులో చేపల వేలంపాట పాడిన గొంతు, ఇప్పటికీ ఆ మోత తగ్గలేదు.

"పని మొదలైందా పిన్నీ?" అంది సువర్ణ.

"రెండింటికంట. అరవై మందిమి రావాలంట. జనవరి నుంచి తిండి లేక మాడుతున్నాం, ఇవాళ ఉన్నట్టుండి ఈ బాబులకి ప్రేమ పుట్టుకొచ్చింది. కూలి కూడా పొద్దున్నే చేతిలో పెట్టేశారమ్మా! ముప్పై ఏళ్ళలో పని చెయ్యకముందు కూలి ఇచ్చినోణ్ణి నేను చూళ్ళేదు." ఆమె చీపురు నేలకేసి కొట్టింది. "డ్రమ్ముల్లో నీళ్ళు పట్టందే మేం బల్ల ముట్టుకోమని చెప్పి పట్టించా. ఆ శీనుగాడు అదీ వద్దన్నాడు."

"కంపెనీ నిండా సరుకుందటగా? కోట్ల సరుకు."

పెద్దింట్లమ్మ మూతి తిప్పింది. "రేవులో పాట దగ్గర ఎవడైనా అప్పడిగితే ఏం చేస్తామో తెలుసా? ఆడి ఐసు పెట్టెలో చేప లెక్కెయ్యం. ఆడు ఎవరికి అమ్మేశాడు, ఆడి రొంటిన ఎంతుంది, అంతే. ఐసులో పడుకున్న చేపకి పూచీ ఉండదు. మా అమ్మ కాలం నుంచీ అదే పద్ధతి."

సువర్ణకు నవ్వొచ్చింది. తను బ్యాంకు ట్రైనింగులో మూడు రోజులు కూర్చుని నేర్చుకున్నది ఈవిడ తల్లి రేవులో నిలబడి నేర్పింది.

మేకులకి బిళ్ళల దండలు వేలాడుతున్నాయి. ఒక తట్ట రొయ్యకి ఒక బిళ్ళ చొప్పున ఆడవాళ్ళకిచ్చే ఇత్తడి బిళ్ళలు. వాటి మీద దుమ్ము మందంగా పేరుకుంది. సూపర్‌వైజర్ బల్ల మీద నల్ల ఫోను, దాని పక్కన ఎలీషా గుండ్రటి దస్తూరీతో ఒక పుస్తకం. కంపెనీలో అందరూ మర్చిపోయిన పుస్తకం. రొయ్యలు వలిచినప్పుడు వచ్చే తలలు ఏ రోజు ఎన్ని బాల్చీలు అమ్మారో అందులో ఉంది. బాతుల మేతకి కొన్నవాడు అబ్బులు, దివిసీమ బాతుల వ్యాపారి. ఆఖరి తేదీ జనవరి పదకొండు. ఆ తర్వాత ఒక్క బాల్చీ లేదు.

సువర్ణ పుస్తకం మూసింది. నూట నలభై ఎనిమిది టన్నుల వలిచిన రొయ్యకి డెబ్భై టన్నులకు పైగా తలలు రావాలి. దొంగలెక్క రాసినవాడు రొయ్యలు పుట్టించాడు, బిల్లులు పుట్టించాడు. వాటికి తలలు పుట్టించడం మర్చిపోయాడు.

"శీను గారూ, ఈ అబ్బులు ఎక్కడుంటాడు?"

శీను వాచీ చూసుకుంటున్నవాడల్లా గబుక్కున తలెత్తాడు. "తెలీదండీ," అన్నాడు.

"చల్లపల్లి రోడ్డులో వంతెన పక్కనమ్మా," అంది పెద్దింట్లమ్మ. "నిన్నటి దాకా ఈ షెడ్డు వెనకే ఉండేవాడు, ఇవాళ పొద్దున్నే బాతుల్ని తోలుకుపోయాడు."

* * *

దారిలో టైరు పంక్చరై అరగంట పోయింది. సువర్ణ వంతెన చేరేసరికి ఒంటిగంటా ఇరవై.

కోసేసిన చేలో వెయ్యికి పైగా బాతులు గోల చేస్తున్నాయి. అబ్బులు తాటాకు గొడుగు కింద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. మోపెడ్ చూసి లేచి నిలబడ్డాడు.

"జనవరి తర్వాత కంపెనీ నుంచి తలలు కొన్నావా అబ్బులూ?"

"ఒక్కటంటే ఒక్కటి లేదండీ. బాతులు గుడ్లు పెట్టడం మానేసినయ్యి." అతను చుట్ట తీసి పక్కన పెట్టాడు. "ఇదే మాట ఎలీషా గారూ అడిగారండీ. బుధవారం మధ్యాన్నం. లేవంటే నవ్వి, 'అదే అనుకున్నా అబ్బులూ, సాయంత్రం బ్యాంకుకి వెళ్ళి చెప్పేస్తా' అన్నారు. తినొస్తానని షెడ్డులోకి వెళ్ళారు. ఖాళీగా చల్లగా ఉంటదని రోజూ అక్కడే తింటారు."

"మళ్ళీ బయటికి రావడం చూశావా?"

"లేదండీ. అప్పుడే నా గోల నాకు మొదలైంది. షెడ్డు వెనక మేస్తున్న బాతులు పన్నెండు ఉన్నట్టుండి గిలగిలా కొట్టుకుని పడిపోయినయ్యి. కళ్ళు ఎర్రబడిపోయి, నోళ్ళు తెరిచి. శీను బాబు నెత్తీనోరూ కొట్టుకున్నాడండీ."

"నీ బాతులు చస్తే శీనుకేంటి?"

"సగం బాతులు ఆయనవేగా! పెట్టుబడి ఆయనది, మేపడం నాది. అందుకే ఇయ్యాల పొద్దున్నే పరిగెత్తుకొచ్చి, ఒంటిగంట కాకముందే బాతులన్నిటినీ ఈ పక్క నుంచి తోలుకుపో, ఒక్కటి కూడా ఉండకూడదు, రెండింటికి మళ్ళీ ఏం జరుగుద్దో ఏమో అన్నాడండీ."

సువర్ణ చేతిలో పెన్ను ఆగిపోయింది.

'మళ్ళీ' అన్నాడు. ఏం జరుగుద్దో అన్నాడు.

ముట్టని అన్నం. మూత తీస్తే కళ్ళు మండే పెరుగన్నం. వాచిన గొంతు. చెమట పట్టిన గొట్టం. గ్యాస్ లీకైనా డబ్బిచ్చే పాలసీ. కోల్డ్ స్టోరేజీని చల్లబరిచే అమ్మోనియా వాయువు ఆ రోజు ఎలీషా మీద వదిలి చూశారు, శవాన్ని కాలవలో పడేశారు. ఇవాళ అసలు పని. గ్యాస్ తగిలిన సరుకుని ఆ సాయంత్రమే గొయ్యి తీసి పాతిపెట్టిస్తారు, ఎవరూ పెట్టెలు విప్పి లెక్కపెట్టరు. లేని రొయ్య ఆరు కోట్లవుతుంది. ఇరవై ఒక్క పైసలు రూపాయి దాటిపోతాయి. కానీ మూడు నెలలుగా మూసి ఉన్న ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైందంటే ఇన్సూరెన్స్ వాళ్ళు నమ్మరు. పని నడుస్తూ ఉండాలి. బల్లల ముందు మనుషులుండాలి. చచ్చిన మనుషులుంటే ఇంక ఎవరూ ప్రశ్న వెయ్యరు.

అరవై మంది. వాళ్ళలో రత్నకుమారి, కంపెనీ లెక్కలు మొగుడు ఇంట్లో చెప్పి ఉంటాడని చలపతిరావు భయపడుతున్న మనిషి. ఆవిణ్ని వెళ్ళమన్నది తనే.

శీను తన వాటా బాతుల్ని కాపాడుకున్నాడు. ఆడవాళ్ళలో వాడికి వాటా లేదు.

సువర్ణకు ఏడుపూ కోపమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. మోపెడ్ స్టాండు తన్ని రోడ్డెక్కింది.

* * *

వంతెన దాటాక కిలోమీటరుకి ఎస్టీడీ బూత్ ఉంది. ఒంటిగంటా నలభై నాలుగు. లోపల మాట్లాడుతున్న మనిషి చేతిలోంచి ఫోను దాదాపు లాక్కుంది.

"సీఐ గారూ, సువర్ణని. రొయ్యల తలలు లేవండీ!"

"ఏంటి?"

"నూట నలభై ఎనిమిది టన్నుల రొయ్యకి ఒక్క బాల్చీ తలలు కూడా రాలేదు. సరుకే లేదు."

"మేడమ్, నేను భోంచేస్తున్నాను. తలలు తీసేసిన రొయ్యే కొన్నారేమో!"

"బిల్లులన్నీ తలకాయతోనే ఉన్నాయి. నేను చూశాను. ఎలీషా గొంతు వాచింది అమ్మోనియాతో, ఉప్పునీళ్ళతో కాదు. బుధవారం ఆయన షెడ్డులో ఉన్న సమయానికే వెనక పన్నెండు బాతులు చచ్చాయి. ఇవాళ రెండింటికి మళ్ళీ వదులుతున్నారు. లోపల అరవై మంది ఆడవాళ్ళు. బాతుల్ని మాత్రం పొద్దున్నే అక్కణ్నుంచి తప్పించేశారు."

అవతల కంచం పక్కకి జరిపిన చప్పుడు. సువర్ణ కళ్ళు గడియారం మీదే ఉన్నాయి. ముల్లు కదిలింది.

"బాతుల్ని తప్పించారా?" అన్నాడు కాంతారావు. గొంతు మారిపోయింది. "ఏ గేటు నుంచి రావాలి?"

"రేవు వైపు గేటు. తాళం పగలగొట్టేది ఏదైనా తీసుకురండి. ఫైరింజన్‌కి చెప్పండి, నీళ్ళు కావాలి."

ఫోను పెట్టి మళ్ళీ ఎత్తింది. ఫ్యాక్టరీ నంబరు పొద్దున్నే బిల్లుల మీద చూసి రాసుకుంది. అక్కడి టెలిఫోన్ ఆపరేటర్ షెడ్డుకి కలిపాడు. మూడుసార్లు మోగింది. నాలుగోసారి ఎత్తారు.

"సూపర్‌వైజర్‌ని మాట్లాడుతున్నానండీ." రత్నకుమారి గొంతు. కొత్త ఉద్యోగం మర్యాద అందులో ఉంది.

"నేను సువర్ణని. వెంటనే అందర్నీ బయటికి తీసుకెళ్ళండి! ఒక్క నిమిషం కూడా ఆగకండి."

"ఎలాగండీ? అందరూ తొందరగా వచ్చేశారు కదా అని శీను గారు ఇప్పుడే బయట నుంచి తాళం వేసి వెళ్ళారు. రొయ్యల లారీ వచ్చేదాకా తలుపు తియ్యనన్నారు."

"నీళ్ళ డ్రమ్ములున్నాయా?"

"ఉన్నాయండీ, పెద్దింట్లమ్మ గారు పట్టించారు."

"కొంగులు తడిపి ముక్కూ నోరూ కట్టుకోమనండి. గొట్టానికి దూరంగా జరగండి. బల్లలెత్తి కిటికీ జాలీలు పగలగొట్టండి. పోలీసులొస్తున్నారు. రత్నకుమారి గారూ, వింటున్నారా?"

వెనక ఎవరో దగ్గారు. ఇంకెవరో కళ్ళు మండుతున్నాయని అరిచారు. ఆ తర్వాత పెద్దింట్లమ్మ కేక, బల్ల ఒకటి గోడకి గుద్దుకున్న చప్పుడు.

"వింటున్నానండీ," అంది రత్నకుమారి. అంత గోలలోనూ ఆవిడ గొంతు చిత్రంగా నెమ్మదించింది. "ఆయన దొంగ కాదండీ. చెప్పండి అందరికీ."

"మీరే చెబుదురుగాని. ముందు కొంగు తడపండి!"

"మేడమ్, ఇది నాకు తెలిసిన వాసనేనండీ. ఆయన క్యారేజీ మూత తీసినప్పుడు వచ్చింది ఇదే."

బూత్ గడియారంలో ఒంటిగంటా నలభై తొమ్మిది. గ్యాస్ వదలడానికి వాళ్ళు రెండింటి దాకా ఆగలేదు.